ఒకటి మీద చుక్క

ఎదురింట్లో ఆడవాళ్ళ పాట సాధన రోజూ నాలుగింటికి మొదలయ్యేది. మునిమాపు నమాజు పిలుపు వినపడగానే ఆగేది. కస్మాది తన అరుగు మీద కుర్చీ వేసుకుని వినేవాడు. పాట చివరి పాదానికి వచ్చేసరికి లేచి లోపలికి వెళ్ళి నీళ్ళగదిలో కుళాయి తిప్పేవాడు. తొట్టిలో నీళ్ళు పడుతుంటే బయటి చప్పుడు వినపడదు. పాట అయిపోయి ఉంటుందని తోచాక కుళాయి కట్టి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు.

ఇలా తొమ్మిది రోజులు సాగింది. తొమ్మిదో రోజు తొట్టి పొర్లి నీళ్ళు సందులోకి వచ్చాయి.

"పాక్ కస్! మీ ఇంట్లోంచి ఏరు బయల్దేరిందేంటండీ?" అని ఎదురింటి అరుగు మీద నుంచి కేకేసింది సరింతెన్. పొద్దున్నే పులియబెట్టిన సోయా గింజలతో టెంపే చేసి అమ్ముకునే మనిషి. పెద్దవాళ్ళలో మగవాళ్ళని పాక్ అనీ, ఆడవాళ్ళని బు అనీ పిలవడం అక్కడి మర్యాద. "పెపె నది ఎండిపోయిందని ఇటు మళ్ళించారా?"

ఆడవాళ్ళు నవ్వారు.

"కట్టడం మర్చిపోయానమ్మా."

"మర్చిపోవడం కాదు, మా పాట వినలేక. రోజూ చూస్తూనే ఉన్నా. సరిగ్గా అక్కడికొచ్చేసరికి లేచిపోతారు. మరీ అంత అధ్వాన్నంగా పాడుతున్నామా?"

కస్మాది చీపురు తెచ్చి నీళ్ళను కాలువలోకి తోశాడు.

అది 1995 ఆగస్టు. ఆ దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు. సోలో ఊళ్ళో ప్రతి సందు మొగదలా యాభై అంకె వేశారు. ఈ సందులో ఆ అంకె వేసింది కస్మాదే. ఇంటికీ ఇంటికీ మధ్య తాడు కట్టి ఎరుపు తెలుపు కాగితాలు వేలాడదీశారు. మగవాళ్ళకి తాడు లాగే పోటీ, పిల్లలకి అప్పడాలు కొరికే పోటీ, ఆడవాళ్ళకి మండలం మొత్తం మీద బృందగానం పోటీ. బృందగానానికి రెండు పాటలు. ఒకటి ఎవరిష్టం వాళ్ళది. రెండోది అందరూ పాడి తీరవలసింది. ఆ రెండోది 'అవతలి గట్టు'.

ఆ పాట రానివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. బడిలో జెండా కింద పాడతారు. పాత సైనికుడెవరైనా పోతే వీరుల శ్మశానంలో పెట్టెను గోతిలోకి దించేటప్పుడు బ్యాండువాళ్ళు వాయిస్తారు. ఆగస్టు వచ్చిందంటే సినిమా పాటలు పాడేవాళ్ళు కూడా దాన్ని క్యాసెట్లలో పాడి అమ్ముతారు. నది దాటి యుద్ధానికి పోయిన కుర్రవాడు ఇవతలి గట్టున నిలబడ్డ తల్లితో చెప్పే మాటలవి. 'తెల్లవారనీ అమ్మా, మేం వస్తాం' అన్న పాదంతో ముగుస్తుంది. 'వస్తాం' దగ్గర గొంతు కిందికి దిగిపోతుంది. నోటితో వస్తానన్నవాడు రాడని రాగం చెప్పేస్తుంది. జనం కళ్ళు తుడుచుకునేది అక్కడే.

రాసినవాడు 'వాస్కితో' అనే ఆయన. పాఠ్యపుస్తకంలో పాట కింద ఆ పేరుంటుంది. ఆ మనిషిని కళ్ళారా చూసినవాడు ఆ సందులో కస్మాది ఒక్కడే. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

కస్మాదికి అరవై ఏడేళ్ళు. భార్య పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. చేతిరాతతో బతికిన మనిషి. పెళ్ళిపత్రికల మీద పేర్లు రాస్తాడు, అంగళ్ళకి బోర్డులు రాస్తాడు. జూన్ నెలలో బడులవాళ్ళు సర్టిఫికెట్ల కట్టలు తెచ్చి ఆయన బల్ల మీద పెడతారు. సర్టిఫికెట్ మీద కొట్టివేత ఉండకూడదు. ఒక్క అక్షరం తప్పినా ఆ కాగితం చెల్లదు, పై ఆఫీసుకి అర్జీ పెట్టి కొత్తది తెచ్చుకోవాలి. ముప్పై ఏళ్ళలో కస్మాది ఒక్క కాగితం కూడా పాడుచేయలేదు. "పాక్ కస్ చేతిలో తప్పు దొర్లదు" అనేవారు హెడ్మాస్టర్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన తల దించుకునేవాడు. వాళ్ళు దాన్ని వినయం అనుకునేవారు.

నీళ్ళు పొర్లిన మర్నాడు పొద్దున యత్మి వచ్చింది. ఆడవాళ్ళకి పాట నేర్పుతున్నది ఆవిడే. ఒక బడిలో సంగీతం టీచరు.

"పాక్, ఒక పని చేసిపెట్టాలి."

"చెప్పండి, బు యత్మి."

"ఈ కాగితం చూడండి. జిరాక్సుకి జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు. ఏది ఐదో ఏది ఆరో దేవుడికి తెలియాలి. పొనిరా నిన్న ఐదుని ఆరుగా పాడింది. ఏమే అంటే, 'నా కాగితంలో ఇలాగే ఉంది టీచర్' అంటుంది. మీ చేత్తో పెద్ద అంకెలతో ఒక్కటి రాసిచ్చారంటే, ఇరవై రెండు కాపీలు తీయించుకుంటా."

"నా చూపు కూడా ఇదివరకటిలా..."

"జూన్‌లో మా బడివే నూట నలభై రాశారు. అప్పుడున్న చూపు ఆగస్టుకి ఎక్కడికి పోయింది?"

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

కస్మాది మధ్యాహ్నం దాకా ఆ కాగితం ముట్టుకోలేదు. తర్వాత గీతలు గీసుకుని మొదలుపెట్టాడు. పాట అంతా అంకెల్లో ఉంటుంది. ఒకటి అంటే షడ్జం, ఐదు అంటే పంచమం. అంకె మీద చుక్క పెడితే పై స్థాయి, అంకె కింద పెడితే కింది స్థాయి. మూడు చరణాలకీ అంకెలు వేసి, కింద మాటలు రాశాడు. 'మేం వస్తాం' దగ్గరికి వచ్చాడు. అక్కడ మూడు అంకెలు. మూడు, ఐదు, ఒకటి.

కలం పక్కన పెట్టాడు.

1958లో ఆయన సినార్ కిదుల్ అనే ప్రెస్సులో స్టెన్సిల్ రాసేవాడు. బడులకి పాటల కాగితాలు వేసే చిన్న ప్రెస్సు అది. మైనపు కాగితాన్ని ఇనప పలక మీద పరిచి ఉక్కు ముల్లుతో గీయాలి. ముల్లు మైనాన్ని చీల్చిన చోటల్లా సిరా దిగుతుంది. అంకెలు తేలిక. చుక్కలతోనే తంటా. గట్టిగా గుచ్చితే చిరిగి మచ్చవుతుంది, మెల్లగా గుచ్చితే సిరా దిగదు. అందుకే స్టెన్సిల్ అయ్యాక కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తిపట్టి, చుక్కలన్నీ ఒక్కొక్కటే చూసుకోవడం ఆ పనిలో నియమం.

వాస్కితో అప్పుడు పాట మాస్టారు. డచ్చివాళ్ళతో యుద్ధంలో విద్యార్థుల దళంలో నది దాటినవాడు. పాట రాయగానే ఎవరికీ వినిపించకుండా నేరుగా ప్రెస్సుకి తెచ్చాడు. ఇద్దరూ అప్పటికి రెండేళ్ళుగా టీ కొట్టు స్నేహితులు. కస్మాది బల్ల పక్కన వాస్కితో నిలబడి మొత్తం పాడాడు. పక్క గదిలో యజమాని ఉన్నాడని గొంతు తగ్గించే పాడాడు. 'వస్తాం' దగ్గర మాత్రం తగ్గించలేదు. అక్కడ గొంతు పైకి పోయింది.

"ఇక్కడ అరవాలి కస్," అన్నాడు. "అమ్మ ఇవతల ఉంది, వాడు అవతల ఉన్నాడు. మధ్యలో నది. మెల్లగా చెప్తే ఎవరికి వినపడుతుంది?"

అతని రాతలో ఆ ఒకటి మీద చుక్క ఉంది. పెన్సిల్ నొక్కి పెట్టిన చుక్క. కాగితం వెనక్కి కూడా తేలింది.

స్టెన్సిల్ మీద ఆ అంకె అంచుకి వచ్చింది. అడుగున పలక అక్కడితో అయిపోయింది. అంకెని ఎలాగో గీశాడు. చుక్క దగ్గర ముల్లు దిగలేదు. వెలుగుకి పట్టుకుంటే తెలిసేది. ఆ రోజు కాగితాలు తీసుకెళ్ళే బండి వాకిట్లో ఆగి ఉంది. యజమాని హర్జో రెండుసార్లు కేకేశాడు. కస్మాది స్టెన్సిల్‌ని వెలుగుకి పట్టలేదు.

చుక్క లేని ఒకటి కూడా పాడడానికి తేలికే. పంచమం నుంచి పైకి వెళ్ళే బదులు కిందికి దిగుతుంది. వినేవాళ్ళకి పాట అక్కడ కుదురుగా ముగిసినట్టే ఉంటుంది. అందుకే ఎవరూ అడగలేదు. ఎనిమిది నెలల తర్వాత వాస్కితో ఏదో పల్లెటూరి బడికి వెళ్ళి, జెండా కింద పిల్లలు పాడుతుంటే విన్నాడు. సైకిలు మీద నేరుగా ప్రెస్సుకి వచ్చాడు.

"చివరి స్వరం కింద పడేశారేంటి?" అని హర్జోని అడిగాడు.

"కస్ రాశాడయ్యా. కస్ చేతిలో తప్పు రాదు. ఏం కస్, ఈయన కాగితంలో చుక్క ఉందా?"

ఆ కాగితం కస్మాది సొరుగులోనే ఉంది. ఆయనకి పెళ్ళయి నాలుగు నెలలు. ప్రెస్సులో తప్పు చేసిన కంపోజిటర్‌ని కిందటి నెలలోనే పంపించేశారు.

"లేదండి," అన్నాడు కస్మాది.

వాస్కితో ఆయన వంక చూశాడు. అనుమానంగా చూడలేదు. గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా చూశాడు.

"అయితే నేనే మర్చిపోయానేమో," అన్నాడు.

"ఇప్పుడు మార్చడం కుదరదు మాస్టారూ," అన్నాడు హర్జో. "ఆరు వందల బడులకి పోయింది. అయినా మార్చడం దేనికి? ఆ చోట జనం ఏడుస్తున్నారట. అంతకంటే ఏం కావాలి?"

తప్పు తనదే అనుకున్నాడు కనక వాస్కితో ఇంక పట్టుబట్టలేదు. కస్మాది ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి కాగితాన్ని పొయ్యిలో పెట్టాడు. తర్వాత కూడా ఒకటి రెండుసార్లు టీ కొట్టు దగ్గర కలిశారు. వాస్కితో మామూలుగానే మాట్లాడాడు. కస్మాదే ఆ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. మరుసటి ఏడు వాస్కితో సముద్రం అవతల లాంపుంగ్‌లో బడి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మళ్ళీ పాట రాయలేదు. 71లో అక్కడే పోయాడు. ఆ ఏడు ఆగస్టులో రేడియోవాళ్ళు ఆయన పాట రోజుకి మూడుసార్లు వేశారు.

కస్మాది కలం తీసుకున్నాడు. ఒకటి మీద చుక్క పెట్టాడు. సిరా ఆరేదాకా చూసి, కాగితం మడవకుండా అట్ట మధ్య పెట్టి యత్మికి ఇచ్చాడు.

మర్నాడు నాలుగింటికి అరుగు మీద కూర్చున్నాడు. కుళాయి జోలికి పోలేదు.

ఎదుటి అరుగు మీద కొత్త కాగితాలు పంచారు. "ముందు అంకెలు పాడండి, తర్వాత మాటలు," అంది యత్మి. "కాగితం చూసి పాడాలి. నోటికి వచ్చింది కాదు. ఏయ్ పొనిరా, నిన్నే."

అంకెలు పాడుకుంటూ చివరికి వచ్చారు. కాగితం చూసి పాడిన ఏడెనిమిది మంది పైకి వెళ్ళారు. మిగతావాళ్ళు అలవాటు ప్రకారం కిందికి దిగారు. రెండూ కొట్టుకున్నాయి. ఎవరో కీచుమన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు.

"ఆగండి, ఆగండి. ఎవరు పైకి వెళ్ళింది?"

"కాగితంలో ఉంది టీచర్," అంది పొనిరా. "ఈసారి నిజంగానే ఉంది. చుక్క చూడండి."

యత్మి పాత కాగితం పక్కన పెట్టి చూసింది. "దీంట్లో లేదే."

"ఈగ వాలి ఉంటుంది," అంది సరింతెన్.

"ఇరవై రెండు కాగితాల మీదా ఒకే ఈగ వాలిందా అక్కా?"

"అసలుదాని మీద వాలితే అన్నిట్లోనూ వస్తుందే మొద్దూ. జిరాక్సు కదా."

"పాపం పాక్ కస్ కలానికి కూడా వయసు మీద పడింది."

"చాల్లే. పెన్సిళ్ళు తీయండి," అంది యత్మి. "చుక్క కొట్టేసుకోండి. లేకపోతే పోటీలో కంగారు పడతారు."

ఇరవై రెండు మంది కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వంగారు. ఒకరి పెన్సిల్ ఒకరికి అందించుకుంటున్నారు. పెన్సిల్ దొరకనివాళ్ళు గోటితో గీకుతున్నారు.

కస్మాది లేచి సందు దాటాడు. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయాడు.

"కొట్టేయకండమ్మా," అన్నాడు. "అది ఈగ కాదు. నేనే పెట్టాను."

"అదే పాక్, పొరపాటున..."

"పొరపాటు పాతదాంట్లో ఉంది. చుక్క ఉండాలి. ముప్పై ఏడేళ్ళ కిందట స్టెన్సిల్ మీద నేను వదిలేశాను. మీరంతా పాడుతున్నది నా తప్పు."

ఆయన నిలబడే చెప్పాడు. ప్రెస్సు, పలక అంచు, వాకిట్లో బండి. చెప్పడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

"అయితే దేశం మొత్తం..." అంది పొనిరా. "మా పిల్లల పుస్తకంలో ఉన్నది కూడా?"

"దాన్ని చూసే పుస్తకంలో వేశారు."

"అమ్మో. పాక్ కస్ ఎంత గొప్పవారు! మన సందులో దేశాన్ని పాడించినాయన ఉన్నాడని తెలీనే లేదు." ఇద్దరు ముగ్గురు నవ్వారు. కస్మాదికి గుండె తేలికపడినట్టు అనిపించింది. ఇంతేనా అనుకున్నాడు.

యత్మి నవ్వలేదు. "మరి రాసినాయన వినలేదా? వాస్కితో మాస్టారు?"

"విన్నాడు."

"అడగలేదా మిమ్మల్ని?"

"అడిగాడు."

"ఏం చెప్పారు?"

కస్మాది చేతిలో పని లేక ఒక కాగితం తీసుకుని చూశాడు. చుక్క మీద పెన్సిల్ గీత ఉంది.

"ఆయన కాగితంలోనే చుక్క లేదని చెప్పాను. ఆయన నమ్మాడు. మర్చిపోయింది తనే అనుకున్నాడు. అలా అనుకునే పోయాడు."

సందు చివర మసీదులో పిలుపు మొదలైంది. ఆడవాళ్ళు లేచి చాపలు చుట్టారు. ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కున్నారు. మామూలుగా ఒక్కొక్కరూ "వస్తాం పాక్" అని చెప్పి వెళ్ళేవారు. ఆ రోజు ఎవరూ చెప్పలేదు. సరింతెన్ గుమ్మం దగ్గర ఆగింది.

"మా నాన్నని దించేటప్పుడు వాయించింది ఇదే పాట," అంది. "అక్కడికొచ్చేసరికి నేను కూలబడ్డాను. అది తప్పు స్వరం అని ఇప్పుడు మీరొచ్చి చెప్తే, నేనేం చేయను పాక్? వెనక్కి పోయి నిలబడనా?"

ఆవిడ వెళ్ళిపోయింది.

సరింతెన్ రోజూ పొద్దున్నే అరటాకులో చుట్టిన టెంపే ఆయన అరుగు మీద పెట్టి, "పాక్ కస్, లేచారా, ఉన్నారా?" అని కేకేసి వెళ్ళేది. మర్నాడు కూడా పొట్లం అరుగు మీదే ఉంది. కేక మాత్రం వినపడలేదు. ఆ తర్వాతి రోజు కూడా అంతే. సాయంత్రాలు పాట సాగుతూనే ఉంది. కస్మాది అరుగు మీదికి రాలేదు. లోపల బల్ల దగ్గర కూర్చుని, రాయవలసిన పెళ్ళిపత్రికలు లేకపోయినా కలాలు కడిగి ఆరబెట్టాడు. సందులో నడిచేవాళ్ళు కిటికీలోంచి ఆయన్ని చూసి తల ఊపి వెళ్ళేవారు. ఆగి వేళాకోళం చేసేవాళ్ళు లేరు. పదకొండేళ్ళుగా తను ఎవరితో మాట్లాడుతూ బతికాడో ఆ మూడు రోజుల్లో ఆయనకి తెలిసింది. ఆ వేళాకోళాలతోనే.

శుక్రవారం మూడున్నరకి యత్మి వచ్చింది.

"ఆ చుక్కకి ఆధారం ఏమైనా ఉందా?" అని అడిగింది.

"లేదు. కాల్చేశాను."

"విన్నవాళ్ళు?"

"నేనొక్కణ్ణే. ఒక్కసారి."

"అయితే పోటీలో పుస్తకం ప్రకారమే పాడతాం పాక్. జడ్జీలు కాగితం చేత పట్టుకుని కూర్చుంటారు. ఇంత కష్టపడ్డారు వాళ్ళు. నాకు మనసొప్పదు."

"నేను అడగలేదు బు."

"మీరు అడగరు. తెలుసు." ఆవిడ ఎదురింటి వైపు చూసింది. "ఇవాళ ఒక్కసారి చుక్కతో పాడతాం. మీకోసం అని ఒప్పించలేకపోయాను. రాసినాయన కోసం అంటే ఒప్పుకున్నారు. వచ్చి కూర్చోండి."

ఎదురింటి అరుగు మీద ఆయనకి కుర్చీ వేశారు. ఆడవాళ్ళు రెండు వరసలుగా నిలబడ్డారు. సరింతెన్ వెనక వరసలో చివర ఉంది, ఆయన వైపు చూడలేదు. యత్మి చేయి ఎత్తింది.

మూడు చరణాలూ బాగానే పాడారు. 'తెల్లవారనీ అమ్మా' అన్నారు. 'మేం వస్తాం' దగ్గర అందరూ పైకి వెళ్ళారు. సగం మందికి అందలేదు. అందినవాళ్ళ గొంతు పలచబడింది. ఇద్దరు మధ్యలో వదిలేశారు. ఆ స్వరం నాలుగు లెక్కలు నిలవాలి. రెండింటికే చెదిరిపోయింది. పక్కింటి డాబా మీద బట్టలు తీస్తున్నావిడ, "ఏంటే, ఎవరి తోకైనా తొక్కారా?" అని అరిచింది.

ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. కస్మాది నవ్వలేదు. ఆయనకి వేరే భయం పట్టుకుంది. గొంతులు పైకి వెళ్ళినప్పుడు ఆయన చెవి కిందికి వెళ్ళింది. స్వరం పడవలసిన చోట పడలేదని ఆయనకే అనిపించింది. ముప్పై ఏడేళ్ళు ఎవరూ పాడకుండా తను దాచుకున్న స్వరం తనకే కొత్తగా ఉంది. వాస్కితో గొంతు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. అతను నిలబడ్డ తీరు గుర్తొచ్చింది, చొక్కా గుర్తొచ్చింది, మాట గుర్తొచ్చింది. గొంతు రాలేదు.

"ఎలా ఉంది పాక్?" అంది యత్మి.

"బాగుందమ్మా. అలాగే ఉండాలి," అన్నాడు.

"ఇప్పుడు మనది," అంది సరింతెన్ వెనక నుంచి. మళ్ళీ పాడారు. 'వస్తాం' కిందికి దిగింది. ఇరవై రెండు గొంతులూ ఒకేసారి ఒకే చోట దిగాయి.

పోటీ ఆదివారం. ప్రతి బృందం ముందూ సందు పేరున్న బోర్డు పట్టుకుని ఒక మనిషి నడవాలని నియమం. బోర్డు రాసింది కస్మాదే. పట్టుకోడానికి మగవాళ్ళెవరూ దొరకలేదు, అందరూ తాడు లాగే పోటీకి పోయారు.

"రాసినవాళ్ళే మోయండి," అంది సరింతెన్ లారీ దగ్గర. ఐదు రోజుల తర్వాత ఆవిడ ఆయనతో అన్న మొదటి మాట అది. నవ్వుతూ అనలేదు. అయినా అంది. కస్మాది బోర్డు చంకన పెట్టుకుని డ్రైవర్ పక్కన ఎక్కాడు.

పదకొండు బృందాల్లో వీళ్ళకి మూడో బహుమతి వచ్చింది. ఒక గోడ గడియారం. తిరుగుదారిలో ఆడవాళ్ళు లారీ వెనక చాపల మీద కూర్చుని గడియారాన్ని చేతులు మార్చుకుంటున్నారు. పొనిరా ఐదుని ఐదుగానే పాడిందని ఎవరో ఎగతాళి చేశారు. రైలు గేటు దాటాక ఎవరో 'అవతలి గట్టు' ఎత్తుకున్నారు. జడ్జీలు లేరు, కాగితాలు లేవు. అందరూ గొంతు విడిచి పాడారు.

ముందు కూర్చున్న కస్మాది కూడా కూనిరాగం తీశాడు. చివరి పాదం వచ్చింది. వెనక ఇరవై రెండు మందీ కిందికి దిగారు. కస్మాది పైకి వెళ్ళాడు. గొంతు వణికింది, బొంగురుపోయింది. అయినా నాలుగు లెక్కలు ఉంచాడు. ఇంజను హోరులో అది వెనక్కి వినపడలేదు.

డ్రైవర్ గినోకి మాత్రం వినక తప్పలేదు. వేరే పేటవాడు, లారీతో పాటు అద్దెకి వచ్చినవాడు.

"చివర్లో తప్పారు తాతా," అన్నాడు.

"తప్పలేదు."

"భలేవారే. నేను బళ్ళో నేర్చుకున్నానండీ. మా మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పాడు. మూడు, ఐదు, ఒకటి."

"ఒకటి మీద చుక్క ఉంది."

"లేదు తాతా."

"ఉంది," అన్నాడు కస్మాది. "పెన్సిల్‌తో నొక్కి పెట్టాడు. నేను చూశాను."

గినో ఆయన వంక ఒకసారి చూసి, హారన్ కొట్టాడు. ముందున్న రిక్షా పక్కకి తప్పుకుంది.